బరువుకు మందు వాడుతున్నాను: నా అనుభవం

2025 ఏప్రిల్‌లో నేను బరువు తగ్గడానికి టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. మన దగ్గర మౌంజారో పేరుతో దొరుకుతోంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి బంధువులు, మా కాలేజీలో తోటి లెక్చరర్లు ఒక్కొక్కరుగా పక్కకు పిలిచి అడుగుతున్నారు. కొందరు తమ కోసం, కొందరు పెళ్లి కుదిరిన కూతురి కోసం. ఎవరికి వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే అంతా ఒకచోట రాయడం మేలనిపించింది. నేను డాక్టర్ని కాను. రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతాను. నా శరీరం మీద జరిగినదీ, డాక్టరుగారు చెప్పగా నేను అర్థం చేసుకున్నదీ మాత్రమే రాస్తున్నాను.

మొదలుపెట్టేనాటికి నాకు 45 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 38. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు లెక్క వేస్తారు. పాశ్చాత్యులకు ఊబకాయం గీత 30 దగ్గరుంటుంది. అదే బీఎంఐ దగ్గర మనకు పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ చేరుతుంది, షుగర్ కూడా ముందే వస్తుంది కాబట్టి ఆ తేడా. ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది 104. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2 వచ్చింది, అంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని స్లీప్ స్టడీలో తేలింది. రోజంతా నిలబడి పాఠం చెప్పి ఇంటికొచ్చాక మోకాళ్లు మెట్లెక్కనిచ్చేవి కావు.

ఇంతదాకా వచ్చేవరకు నేను ఊరికే కూర్చోలేదు. పాప పుట్టాక పెరిగిన బరువు మొదలు, ఇరవై ఏళ్లుగా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. గోదావరి గట్టు మీద తెల్లవారకముందే వాకింగ్. రాత్రిళ్లు అన్నం మానేసి పుల్కాలు. 2018 ప్రాంతంలో ఊరంతా కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ల డైటు చేస్తుంటే నేనూ చేశాను. 14 కిలోలు తగ్గాను కూడా. ఏడాదిన్నర తిరగకుండా ఆ 14 కిలోలూ వచ్చాయి, ఇంకో మూడు కలుపుకుని. ఒకసారి ఒక డాక్టరు ఓర్లిస్టాట్ మాత్రలు రాశారు. అవి తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండా బయటికి పంపేస్తాయి. ఆ కొవ్వు విరేచనంలో నూనెలా వస్తుంటే, మధ్యలో ఆపడానికి లేని క్లాసులు చెప్పే నాకు అది కుదరలేదు.

తగ్గినప్పుడల్లా మెచ్చుకున్నవాళ్లే, పెరిగినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "నోరు కట్టుకోవాలమ్మా." మా అమ్మా అనేది, అత్తయ్యగారూ అనేవారు, చీరల షాపులో కుర్రాడూ అనేవాడు. అనేవాళ్లకు తెలియనిది ఒకటుంది. నాకు ఆకలి ఆగేది కాదు. టిఫిన్ తింటూనే మధ్యాహ్నం బాక్సులో ఏముందో గుర్తొచ్చేది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా బిస్కెట్ ప్యాకెట్ విప్పితే, అది ఖాళీ అయ్యేదాకా నా దృష్టి అక్కడే. తినకుండా ఉండగలిగేదాన్నే. చాలాసార్లు ఉన్నాను. కానీ తినకుండా ఉండటమే పూర్తికాలం ఉద్యోగంలా ఉండేది. పక్కన కూర్చున్న సన్నటి లెక్చరరు అదే ప్యాకెట్‌ని చూసి చూడనట్టు పేపర్లు దిద్దుకునేది. ఆవిడకు నాకంటే నిగ్రహం ఎక్కువని నేనూ నమ్మేదాన్ని.

నిద్రలో ఊపిరి ఆగుతోందని తెలిశాక, ఛాతీ డాక్టరుగారు నన్ను ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు. మా వారితో కలిసి వెళ్లాను. ఆ డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తగ్గాను, ఎన్నిసార్లు పెరిగాను అని అడిగి రాసుకున్నారు. "ఇది మీ క్యారెక్టర్‌కి సంబంధించినది కాదు మేడమ్. ఇది జబ్బు. బీపీ, షుగర్ లాగే దీర్ఘకాలం ఉండే జబ్బు" అన్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లోనే ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించిందట. మన దగ్గర ఆ మాట కన్సల్టింగ్ గదిలో వినడానికి నాకు మరో పన్నెండేళ్లు పట్టింది.

ఆయన చెప్పిన విషయాల్లో నన్ను బాగా పట్టుకున్నది ఒక ఆస్ట్రేలియా పరిశోధన. 2011లో వచ్చింది. లావుగా ఉన్న 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. తగ్గాక వాళ్ల రక్తంలో ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగింది. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు, కొవ్వు నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గాయి. ఏడాది తర్వాత మళ్లీ చూస్తే కూడా ఆ మార్పులు పోలేదు. అంటే శరీరం పోగొట్టుకున్న బరువును తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది తర్వాత కూడా పని చేస్తూనే ఉంది. 2018లో నాకు జరిగింది అదే. ఏళ్లతరబడి హార్మోన్ల పాఠం చెబుతున్న నేను, ఆ పాఠం నా కంచం దాకా వస్తుందని ఆ రోజే విన్నాను.

మా వారికి మాత్రం మందు అనగానే భయం. భయం అర్థంలేనిదీ కాదు. బరువు మందుల చరిత్ర అంత మంచిది కాదు. ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను పాడుచేస్తోందని 1997లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. సిబుట్రమిన్ వల్ల గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని 2010లో చాలా దేశాలు ఆపేశాయి, మన దేశం 2011లో నిషేధించింది. ఇవన్నీ డాక్టరుగారే చెప్పారు, మేము అడగకముందే. దాచకుండా చెప్పడం వల్లే ఆయన మీద నమ్మకం కుదిరింది.

కొత్త మందులు వేరే దారిలో పనిచేస్తాయి. మనం తిన్నాక పేగుల్లోని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ని విడుదల చేస్తాయి. అది క్లోమం నుంచి ఇన్సులిన్ వచ్చేలా చేస్తుంది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పంపుతుంది. చిక్కేమిటంటే శరీరంలోని ఎంజైములు దాన్ని ఒకటి రెండు నిమిషాల్లోనే ముక్కలు చేసేస్తాయి. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో జీఎల్‌పీ-1ను పోలినదీ, అంత త్వరగా విరగనిదీ ఒక పదార్థాన్ని 1990ల మొదట్లో జాన్ ఎంగ్ అనే డాక్టరు కనిపెట్టారు. అందులోంచి ఎక్సెనటైడ్ అనే షుగర్ మందు 2005లో అమెరికాలో వచ్చింది. తర్వాత లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నేను వాడే టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో పేగు హార్మోన్ పనీ చేస్తుంది. రక్తంలో సగానికి తగ్గడానికి ఐదు రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒక ఇంజెక్షన్ సరిపోతుంది. (బల్లి కథ మా పిల్లలకు క్లాసులో చెప్పాను. హార్మోన్ల పాఠాన్ని వాళ్లు అంత శ్రద్ధగా విన్నది ఎప్పుడూ చూడలేదు.)

ఎంత తగ్గుతుంది? ఈ మందు మీద 2022లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 72 వారాలకు సగటున 5 మిల్లీగ్రాముల డోసు వాళ్లు 15 శాతం, 15 మిల్లీగ్రాముల వాళ్లు దాదాపు 21 శాతం బరువు తగ్గారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 3 శాతం. అదే ట్రయల్‌లో నాలాగా షుగర్ గుమ్మంలో ఉన్నవాళ్లను మూడేళ్లకు పైగా గమనిస్తే, మందు వాడినవాళ్లలో 1.3 శాతం మందికే షుగర్ వచ్చింది. వాడనివాళ్లలో 13.3 శాతానికి. అమ్మకు షుగర్, అమ్మమ్మకు షుగర్ ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. బరువు లెక్క కంటే ఈ లెక్కే నన్ను ఒప్పించింది.

బరువు తగ్గించే ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ) సంగతి కూడా మాట్లాడారు. బీఎంఐ 40 ఉన్నా, 35 ఉండి దానితో పాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని షుగర్ లాంటివి ఉన్నా ఆ సర్జరీకి ఇన్సూరెన్స్ వర్తించేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఉన్నాయి. నాకు ఆ దారి తెరిచే ఉంది. కొందరికి అదే మేలని, మందు పనిచేయకపోతే అప్పుడు చూద్దామని అన్నారు. అటువైపు వెళ్లినవాళ్లను తక్కువగా చూడాల్సిందేమీ లేదు. నేను ముందు మందు ఎంచుకున్నాను, అంతే.

మా వారు అడిగిన ఆఖరి ప్రశ్న: "ఎంతకాలం వాడాలండీ?"

"బీపీ మాత్ర ఎంతకాలం వాడతారు?" అన్నారు డాక్టరుగారు. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని చెప్పారు. మూడు నెలల కోర్సు అనుకుంటే అసలు మొదలుపెట్టొద్దన్నారు. ఆ మాట మా ఇద్దరికీ బరువుగానే అనిపించింది. దారిలో కారులో ఎవరం మాట్లాడుకోలేదు.

మందు రాసే ముందు డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఇవి అడగకుండా ఇంజెక్షన్ ఇచ్చే చోటికి ఎవరూ వెళ్లకూడదు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? (మనలో చాలామంది ఆడవాళ్లు వేసుకునే మామూలు థైరాయిడ్ మాత్రకూ దీనికీ సంబంధం లేదు. నేనూ వేసుకుంటాను.) ఎప్పుడైనా క్లోమం వాచిందా? పిత్తాశయంలో రాళ్లున్నాయా? గర్భం ఆలోచన ఉందా, గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నారా? ఈ మందు మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ నెల రోజుల పాటు ఆ మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చట. డిప్రెషన్ ఉందా? తర్వాత కిడ్నీ, లివర్, థైరాయిడ్ పరీక్షలు, పొట్ట స్కానింగ్. ఎప్పుడైనా మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నానని ముందే చెప్పాలని కూడా చెప్పారు. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తులో ఉన్నప్పుడు తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది.

ఇక ఖర్చు. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు చిన్న సీసాల్లో వచ్చింది. 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికి ఒకటి. మొదటి నెల 14,000, రెండో నెల నుంచి 17,500. నా జీతంలో సగం. ఆపరేషన్‌కు డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ ఈ ఇంజెక్షన్‌కు ఇవ్వదు, మా పాలసీలో ఇంట్లో వాడే మందులకు పైసా రాదు. జబ్బు ముదిరి గుండెకో కిడ్నీకో వస్తే లక్షలు ఇస్తారు, ముదరకుండా ఆపే మందుకు ఇవ్వరు. ఇందులో న్యాయం నాకు ఎంత ఆలోచించినా కనబడదు. మా వారు తన షాపు లెక్కలు చూసుకుని, "కారు ఇప్పుడు మార్చక్కర్లేదులే" అన్నారు.

మెడికల్ షాపువాళ్లు ఆర్డరు పెట్టి తెప్పించి, ఐస్ జెల్ ప్యాక్ ఉన్న థర్మకోల్ డబ్బాలో ఇచ్చారు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కడితే పనికిరాదు కాబట్టి ఫ్రీజర్ దగ్గర కాకుండా మధ్య అరలో పెట్టాను. బయట 30 డిగ్రీల లోపు అయితే సీసా 21 రోజుల దాకా ఉంటుందని కాగితంలో ఉంది కానీ, మే నెలలో రాజమండ్రిలో ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడుంటుంది? కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు తీయొద్దని ఇంట్లో అందరికీ ఆర్డరు వేశాను.

మొదటి ఇంజెక్షన్ డాక్టరుగారి క్లినిక్‌లో సిస్టర్ చేయించింది, నా చేత్తోనే. సీసాలోంచి అర మిల్లీలీటరు సిరంజిలోకి లాగి, బొడ్డుకు రెండంగుళాల అవతల చర్మం కింద. సూది చాలా సన్నం, చీమ కుట్టినంత కూడా లేదు. తర్వాత నుంచి ప్రతి ఆదివారం ఉదయం ఇంట్లోనే. ఒకవారం పొట్టకు కుడివైపు, ఒకవారం ఎడమవైపు, ఒక్కోసారి తొడకు. వాడిన సిరంజీలు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి క్లినిక్‌లో ఇచ్చేస్తాను. చెత్త ఎత్తే మనిషి చేతికి సూది గుచ్చుకోకూడదు కదా.

మూడో రోజో నాలుగో రోజో తెలిసింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజు. కేకు ముక్క ప్లేటులో పెట్టి నా ముందు ఉంచారు. నేను మార్కులు ఎంటర్ చేస్తున్నాను. బెల్లు కొట్టి లేవబోతుంటే ఆ ప్లేటు కనిపించింది. అది అక్కడున్న సంగతే మర్చిపోయాను. నేను ఏ పట్టుదలా పట్టలేదు, ఏ ఒట్టూ పెట్టుకోలేదు. తలలో ఎప్పుడూ వినిపించే ఆ గొడవ వినిపించలేదంతే. క్లాసుకు వెళుతూ వరండాలో ఆగి కాసేపు నిలబడ్డాను. కళ్లు తడిశాయి. మామూలు మనుషులు రోజూ ఇలాగే బతుకుతారా అనిపించింది. పేపర్లు దిద్దుకునే ఆ లెక్చరరు నిగ్రహం గురించి నేను అనుకున్నదంతా మారిపోయింది. ఆవిడ గెలుస్తున్న యుద్ధమేదీ లేదు. ఆవిడకు అసలు యుద్ధమే లేదు.

సుఖంగా మాత్రం సాగలేదు. 5 మిల్లీగ్రాములకు పెంచిన మొదటి రెండు వారాలు వికారం. ఇంజెక్షన్ మర్నాడు పోపు వాసన వస్తే వంటింట్లో నిలబడలేకపోయేదాన్ని. కుళ్లిన గుడ్డు వాసనతో త్రేన్పులు. అన్నిటికంటే ఇబ్బంది మలబద్ధకం. డాక్టరుగారు ఇసబ్‌గోల్ రాశారు, నీళ్లు బాగా తాగమన్నారు. నాకు పనికొచ్చినవి చెబుతాను: వేపుళ్లు, నూనె ఎక్కువున్న కూరలు ఇంజెక్షన్ తర్వాత రెండు రోజులు పూర్తిగా మానడం. కొంచెం కొంచెంగా తినడం, చాలనిపించిన ముద్ద దగ్గరే ఆపడం. ఇంకో ముద్ద తిన్నామా, రాత్రంతా కడుపు బరువే. పల్చటి మజ్జిగ, జావ. ఎడతెగని వాంతులు గానీ, వీపులోకి పాకే కడుపునొప్పి గానీ వస్తే ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. నాకు అంతదూరం రాలేదు. మూడో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడింది. బరువు వేగంగా తగ్గితే ఎవరికైనా అలా ఊడుతుందట, తర్వాత తగ్గింది.

డాక్టరుగారు అన్నిటికంటే గట్టిగా చెప్పింది కండ గురించి. ఆకలి లేదు కదా అని రెండు ఇడ్లీలతో రోజు గడిపేస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. నన్ను రోజుకు 75 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, ఇక చూసుకోండి. పొద్దున పెసరట్టుతో రెండు గుడ్లు, మధ్యాహ్నం ముందు కూర, పప్పు, చేప ముక్కలు, చివర్న అన్నం. సాయంత్రం వేయించిన శనగలు, రాత్రికి పెరుగు, పనీర్. కడుపులో చోటు తక్కువ, అందులో ముందుగా ప్రొటీన్‌కే చోటివ్వాలి. వారానికి మూడు సార్లు డంబెల్స్, రబ్బరు బ్యాండ్లతో వ్యాయామం మా అమ్మాయి నేర్పింది. వాకింగ్ ఒక్కటే కండను కాపాడదు.

జులై చివరికి 86 కిలోలకు వచ్చాను. బీపీ మాత్ర డోసు సగమైంది. మా వారు గురక తగ్గిందన్నారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఎదురైన ప్రతిసారీ, "ఏంటండీ అలా చిక్కిపోయారు, షుగరొచ్చిందా?" షుగర్ రాకుండా మందు వాడుతున్నానని మొదట్లో చెప్పేదాన్ని కాదు. అందరూ సులువు దారి పట్టానంటారని సంకోచం. తర్వాత ఆ దాపరికం మానేశాను. బీపీ మాత్ర వేసుకునేవాడిని ఉప్పు మానలేక సులువు దారి పట్టావని ఎవరూ అనరు.

ఆగస్టులో ఆపాల్సి వచ్చింది. జబ్బు వల్ల కాదు, డబ్బు వల్ల. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఫీజు, హాస్టలు, ల్యాప్‌టాప్ ఒకేసారి మీద పడ్డాయి. డాక్టరుగారికి చెప్పే ఆపాను. తిండి, వ్యాయామం అన్నీ యథాతథంగా చేస్తానని నిశ్చయించుకున్నాను. చేశాను కూడా. మూడో వారం దాటాక ఒకరోజు రాత్రి పదకొండింటికి మెలకువ వచ్చింది. వంటింట్లో డబ్బాలో మిక్చర్ ఉందన్న ధ్యాస. మళ్లీ మొదలైందని అప్పుడే అర్థమైంది. అదే తలలోని గొడవ, అదే గొంతుతో. గుడ్లు, చేపలు, డంబెల్స్ అన్నీ ఉన్నాయి, వాటితో పాటు ఆకలీ తిరిగొచ్చింది. రెండు నెలలకు పైగా అయ్యేసరికి 90 కిలోలు. బీపీ మళ్లీ పెరిగింది.

ఈసారి నన్ను నేను తిట్టుకోలేదు. నాకు కారణం తెలుసు. 36 వారాలు టిర్జెపటైడ్ ఇచ్చి, తర్వాత సగం మందికి చెప్పకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్‌కు మార్చిన ట్రయల్ ఒకటి ఉంది. మారినవాళ్లు ఏడాదిలో 14 శాతం బరువు పెరిగారు, కొనసాగించినవాళ్లు ఇంకో ఐదున్నర శాతం తగ్గారు. అక్కడ పెరిగినవాళ్లంతా ఒకేసారి నిగ్రహం కోల్పోయారని ఎవరు నమ్ముతారు? మందు ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. మందు పనిచేసిందనడానికి అదే సాక్ష్యం, పనిచేయలేదనడానికి కాదు. "చూశావా, ఆపగానే వచ్చేసింది, ఎందుకా మందు" అన్న మా ఆడపడుచుకు ఇదే చెప్పాను. ఆవిడ షుగర్ మాత్రలు వేసుకుంటుంది. కాసేపు ఆలోచించి, "నిజమే వదినా" అంది.

అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టాను. అప్పటికి నెలకు నాలుగు డోసులున్న పెన్నులు వచ్చాయి. సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడంతో కాస్త ఊరట. అన్ని వారాలు విడిచిపెట్టాక నేరుగా 5కు వెళ్లకూడదు, వాంతులతో పడిపోతారని డాక్టరుగారు తిరిగి 2.5 నుంచే మొదలుపెట్టించారు. పెన్ను సులువు. ప్రతిసారీ కొత్త సూది బిగించి, ముందు కొంచెం మందు బయటికి వదిలి చూసుకుని, తర్వాత డోసు తిప్పి పొడుచుకోవడమే.

ఈ మధ్యలో పెళ్లి కోసమని అడిగినవాళ్లకు నేను ఇస్తున్న జవాబు ఒకటే. ముహూర్తానికి ఐదు కిలోలు తగ్గడానికి కాదు ఇది. అరవై కిలోల పిల్లకు, ఏ జబ్బూ లేనిదానికి ఈ సూది వేయించే తల్లులను చూస్తే కోపం వస్తుంది. పెళ్లయ్యాక ఆపేస్తారు, బరువు తిరిగొస్తుంది, పెళ్లయిన కొత్తలో మందు ఒంట్లో ఉండగా గర్భం వస్తే అదో ప్రమాదం. మన దేశంలో దీన్ని బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి బరువు వల్ల వచ్చే జబ్బు ఏదైనా ఉన్నవాళ్లకు అనుమతించారు. జిమ్ముల్లో, స్లిమ్మింగ్ సెంటర్లలో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఎవరైనా ఇస్తామంటే వెళ్లొద్దు. అదే సమయంలో, నిజంగా అవసరమున్న మనిషి "సిగ్గుగా ఉంది" అని వెనక్కి తగ్గితే అంతకంటే బాధ.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాం. అరిసెలు, పూతరేకులు, పనసపొట్టు కూర, అన్నీ ఉన్నాయి. అన్నీ తిన్నాను, ఒక అరిసె, ఒక పూతరేకు, గరిటెడు కూర. రుచి తెలిసింది, చాలనిపించింది. మిగతా పిండివంటలను డబ్బాల్లో సర్దుతూ అమ్మతో కబుర్లు చెప్పాను. ఇదివరకు అయితే సర్దే పనికి నన్ను పిలవొద్దని నేనే తప్పుకునేదాన్ని.

ఇప్పుడు 83 కిలోలు. హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది. ఖర్చు మాత్రం మెడ మీద కత్తే. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊబకాయాన్ని మళ్లీ మళ్లీ తిరగబెట్టే దీర్ఘకాలిక జబ్బు అంటూ, పెద్దవాళ్లకు ఈ మందులను దీర్ఘకాలం వాడవచ్చని షరతులతో సిఫారసు చేసింది. ఆ షరతులకు కారణాల్లో ధర ఒకటి. మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాదు కంపెనీలతో సహా మనవాళ్లు చాలామంది దాన్ని తయారుచేయడానికి సిద్ధమయ్యారు. ధర బాగా దిగితే దానికి మారవచ్చా అని అడిగాను. టిర్జెపటైడ్ అంత బరువు తగ్గించకపోవచ్చు కానీ, ఆగి ఆగి వాడే ఖరీదైన మందు కంటే ఆగకుండా వాడగలిగే మందే మీకు మంచిదన్నారు డాక్టరుగారు. లివర్ స్కానింగ్, స్లీప్ స్టడీ మరోసారి చేయించమన్నారు. ఆ రిపోర్టులు, కొత్త ధరలు చేతికొచ్చాక 5 దగ్గరే ఉండాలా, 7.5కు వెళ్లాలా, మందు మార్చాలా అనేది నిర్ణయిస్తాం. ఆపడం అనేది మాత్రం ఆ జాబితాలో లేదు.